దస్తగిరి భాయ్ గీసిన కళ్లు

పాల్వంచలో దస్తగిరి భాయ్ గీసిన ఏ జంతువుకూ రెండు కళ్లు ఒక్క తీరుగా ఉండవు. ఒకటి గోళీకాయంత ఉంటే రెండోది కోడిగుడ్డంత ఉంటుంది. ఒకటి మిమ్మల్ని చూస్తుంటే రెండోది మీ వెనకాల వచ్చే మణుగూరు బస్సును చూస్తుంటుంది. పులి అయినా అంతే, పావురమైనా అంతే, పాల ప్యాకెట్ల దుకాణం మీది ఆవయినా అంతే.

చేయి కుదరక అలా వస్తున్నాయేమో అనుకుంటే పొరపాటు. పెళ్లి కార్డులూ, దుకాణాల బోర్డులూ, దండలు వేసిన పెద్దల ఫోటోలూ ఆయన చేతిలో వెంట్రుకవాసి తేడా లేకుండా కుదురుతాయి. జంతువు దగ్గరికి వచ్చేసరికే ఆయనకు ఏదో అవుతుంది.

బస్టాండు వెనక వీధిలో ఆయన దుకాణం. పేరు మలికా ఫ్లెక్స్ అండ్ గ్రాఫిక్స్. మలికా ఆయన భార్య. గడప దగ్గర పీట వేసుకొని, ఫ్లెక్సీల అంచులకు తాడు కట్టే రింగులు కొడుతూ కూర్చుంటుంది. "ఓనర్ ఎవరమ్మా?" అని ఎవరైనా అడిగితే, "ఓనర్ నేను. ఆయన నాకొచ్చిన నష్టం," అని తల ఎత్తకుండా చెబుతుంది.

లోపల కంప్యూటర్ ముందు ఆయన. అరవై దాటిన సన్నటి మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు. కుంచె వదిలేసి మౌస్ పట్టి చాలా ఏళ్లయినా ఆ పెన్సిలు మాత్రం దిగలేదు. బొమ్మలు గీసే ఆ సాఫ్ట్‌వేర్‌లో మిర్రర్ అని ఒక బటన్ ఉంటుంది. సగం ముఖం గీసి దాన్ని నొక్కితే, మిగతా సగం అద్దంలో చూసినట్టు అచ్చం అలాగే వచ్చి పక్కన కూర్చుంటుంది. లోకంలోని డిజైనర్లందరూ సగం జంతువును గీసి పూర్తి జంతువని అమ్ముకుంటున్నది ఆ బటన్ పుణ్యమే. దస్తగిరి భాయ్ మాత్రం మానిటర్ మీద ఆ బటన్ కనిపించే చోట ఎర్ర ఇన్సులేషన్ టేపు ముక్క అంటించేశాడు. దాని మీదికి మౌస్ పోవడానికి వీల్లేదు. చూపు పోవడానిక్కూడా వీల్లేదు.

"భాయ్, కండ్లు ఒక్క తీరు లెవ్వు," అని ఎవరైనా అన్నారో, అయిపోయారు.

"ఏ జంతువుకున్నయి ఒక్క తీరు? నువ్వు చూసినవా? కిన్నెరసాని పోయి జింకనడుగు!"

కిన్నెరసాని పక్కనే. అక్కడ జింకల పార్కు ఉంది. కానీ ఇంతవరకు ఏ కస్టమరూ అంత దూరం పోయి జింకను అడిగి రాలేదు. కాబట్టి ప్రతి వాదనలోనూ దస్తగిరి భాయే గెలిచాడు.

చికెన్ సెంటర్ ముదస్సిర్ ఒకసారి గట్టిగానే పట్టుబట్టాడు.

"చిచ్చా, నా బోర్డు మీది కోడి పిచ్చిదాని లెక్క చూస్తుంది. గిరాకి భయపడుతుండ్రు."

"అరె, నీ దుకాణంల కోడి ఇంకెట్ల చూస్తది? ఒక కన్ను నీ మీద, ఒక కన్ను నీ కత్తి మీద. అది పిచ్చి కాదురా, తెలివి!"

యువనాయకుడు సోమ్లా తన పుట్టినరోజు ఫ్లెక్సీలో పక్కన గర్జించే పులి కావాలన్నాడు. పులి వచ్చింది. నోరు తెరిచింది, కోరలు చూపించింది. కళ్లు మాత్రం మామూలే.

"పులికి కోపం రావాలె భాయ్!"

"వచ్చింది కదనే. ఎడమ కంట్లకు వచ్చింది. కుడి కంటికి ఇంకా ఖబర్ అందలే."

సోమ్లా ఫ్లెక్సీని అక్కడే పడేసి పోతానన్నాడు. "పో. వేరే పులిని పట్టుకో," అన్నాడు దస్తగిరి భాయ్, పులిని చుట్ట చుడుతూ. చివరికి సోమ్లా ఆ పులినే తీసుకుపోయి సెంటర్లో కట్టించాడు. పుట్టినరోజు అయిపోయినా అది ఇంకా అక్కడే ఉంది. పుట్టినరోజు నాడు సోమ్లాతో కంటే పులితోనే ఎక్కువ మంది సెల్ఫీలు దిగారు. ఆ సంగతి సోమ్లా దగ్గర ఎత్తితే ఇప్పటికీ మాట మారుస్తాడు.

ఇలా కోడికొక కారణం, పులికొక కారణం. అడిగిన ప్రతివాడికీ ఒక కొత్త కారణం. ఒకరికి చెప్పిన కారణం ఇంకొకరికి చెప్పడు. అసలు కారణం ఏమిటో ఎవరికీ తెలియదు. అసలు కారణం అంటూ ఒకటి ఉంటుందని కూడా ఎవరూ అనుకోలేదు.

సుజన కూడా అనుకోలేదు. ఆమె ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, పాల్వంచ కరెంటు ప్లాంటు ల్యాబులో ఉద్యోగం. బాయిలర్‌లోకి పోయే నీళ్లను పరీక్షించడం ఆమె పని. బాయిలర్ నీళ్ల గురించి ఎంత భయపడాలో అంతే భయపడి, మిగిలిన భయాన్నంతా ఇంటికి తెచ్చి ఐదేళ్ల కూతురు హన్విక మీద పెడుతుంది. ఇంట్లో మూడు థర్మామీటర్లున్నాయి. రెండు థర్మామీటర్లు రెండు రకాలుగా చూపిస్తే తీర్పు చెప్పడానికి మూడోది.

అలాంటి తల్లికి ఖమ్మం కంటి డాక్టరు ఒక మాట చెప్పాడు. హన్విక కుడి కన్ను బాగుంది, ఎడమ కన్ను బద్ధకించింది. కుడి కన్ను పనంతా చేసేస్తుంటే ఎడమది చూడటం నేర్చుకోవడం మానేసింది. కాబట్టి మంచి కన్నును రోజూ కొన్ని గంటలు పట్టీతో మూసి, బద్ధకం కంటితో పని చేయించాలి. "ఇప్పుడు చేస్తే కుదురుకుంటుంది. పెద్దదయ్యాక చేద్దామంటే ఆ కన్ను మన మాట వినదు," అన్నాడు. కొన్ని నెలల్లో మళ్లీ చూపించమని గడువు పెట్టాడు.

ఆ కన్ను సంగతి తర్వాత, ముందు హన్విక మాట వినలేదు. పొద్దున అంటించిన పట్టీ మధ్యాహ్నానికి ఫ్రిజ్ మీద ఉండేది, మరునాడు తండ్రి జగదీష్ హెల్మెట్ మీద. ఒకరోజు నానమ్మ మంగ్లి కునుకు తీసి లేచేసరికి ఆమె నుదుటి మీద ఉంది. ఆమె అలాగే సంతకు పోయి వచ్చింది.

"అందరికీ లేదు. నాకొక్కదానికే ఎందుకు?" అన్నది హన్విక.

సుజన కాగితం మీద కన్నూ, మెదడూ, మధ్యలో నరమూ గీసి వివరించింది. హన్విక శ్రద్ధగా విని, "అయితే నాన్నకు గూడ పెట్టు," అన్నది.

జగదీష్ పెట్టుకున్నాడు. ఒంటికన్నుతో దూరం అంచనా అందక, టీ కప్పును బల్ల మీద పెట్టబోయి బల్ల పక్కన గాలిలో పెట్టాడు. కప్పు పగిలింది. "నేను ప్లాంటుల మిషన్లు చూసుకునేటోన్ని సుజనా," అంటూ పట్టీ పీకేసి షిఫ్టుకు పోయాడు.

స్కూలు వ్యానులో అయితే పిల్లలు ఒంటికన్ను దెయ్యం అన్నారు. ఆ రోజు నుంచి పట్టీ అంటేనే హన్విక ఇల్లంతా పరుగు. డాక్టరు ఇచ్చిన గడువు గడియారంలా సుజన చెవిలో టిక్కుటిక్కుమంటూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ప్లాంటులో భద్రతా వారోత్సవాలు వచ్చాయి. సేఫ్టీ ఆఫీసరు రామ్‌చందర్ ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా హెల్మెట్ తీయడని కాలనీలో చెప్పుకుంటారు. ఆయన సుజనను పిలిచాడు.

"మేడమ్, మీరు ఎప్పుడో ఒక గ్రాఫ్ మంచిగ వేసిన్రు. వారోత్సవాల ఫ్లెక్సీకి బొమ్మ బాధ్యత మీదే. మన అడవి జంతువు ఉండాలె. ఎలుగుబంటి. హెల్మెట్ పెట్టుకోవాలె, సీదా చూడాలె. రెండు కండ్లు సమానం. దస్తగిరి కండ్లు మాత్రం వద్దు."

"అయితే వేరే దుకాణంలో చేయిస్తాను సార్."

"వేరేటోళ్ల రంగులు ఒక్క వానకే కారిపోతున్నయి. దస్తగిరి దగ్గరనే చేయించుండ్రి. కానీ కండ్లు సమానం."

సెలవు రోజున సుజన కూతురిని వెంటబెట్టుకొని ఆ దుకాణం మెట్లెక్కింది. పట్టీ ఆమె హ్యాండ్‌బ్యాగులో ఉంది.

"ఎలుగుబంటినా? కూసో మేడమ్," అని దస్తగిరి భాయ్ మౌస్ పట్టుకున్నాడు.

ముందు ఒక పెద్ద గుండ్రం. "పొట్ట," అన్నాడు. దాని మీద ఇంకొంచెం చిన్న గుండ్రం. "తల." తల మీద చెరొక పక్క చిన్న గుండ్రాలు. "చెవులు." ముఖం మధ్యలో కోలగా ఒక గుండ్రం. "మూతి. మన ఎలుగుబంటికి మూతి తెల్లగుండాలె." హన్విక తల్లి చేయి వదిలి స్టూలు ఎక్కింది. ఆయన ఒక బటన్ నొక్కగానే గుండ్రాల మధ్య గీతలన్నీ మాయమై ఒకే ఒంటి ఆకారం మిగిలింది. దాని అంచు చుట్టూ చిన్న చిన్న చుక్కలు. ఒక చుక్కను పట్టి లాగితే చెంప ఉబ్బింది. ఇంకో చుక్కను లాగితే భుజం మీద జుట్టు లేచింది. నల్లరంగు పోశాడు. ఛాతీ మీద తెల్లటి గీతను వంచి పెట్టాడు. పసుపు హెల్మెట్ తొడిగాడు.

"నవ్వుతుంది!" అన్నది హన్విక. నోరు ఇంకా గీయనే లేదు.

తర్వాత కళ్లు. తెల్లటి కోలగుండ్రం, లోపల నల్ల గుండ్రం, దానిలో మెరుపుకు చిటికెడు తెల్ల చుక్క. కుడి కన్ను నిండుగా వచ్చింది. ఎడమ కన్ను చిన్నగా వచ్చి, ముక్కు వైపు తిరిగి కూర్చుంది.

సుజన గొంతు సవరించుకుంది. "భాయ్, ఆ పెద్ద కన్నునే కాపీ చేసి మిర్రర్ కొట్టండి. రెండూ సమానంగా వస్తాయి."

గడప దగ్గర రింగులు కొట్టే చప్పుడు ఆగిపోయింది.

"మిర్రరా?" అన్నాడు దస్తగిరి భాయ్.

"ప్రకృతిలో జంతువుల శరీరం రెండు పక్కలా ఒకేలా ఉంటుంది కదా భాయ్. అది సైన్సు."

"మేడమ్, మీ సైన్సు మీ ల్యాబుల మంచిగుంటది. మీరు కిన్నెరసాని పోయి ఒక్కపారి జింకను..."

"నేను ఎక్కడికీ పోను భాయ్. నాకు ఎలుగుబంటి కావాలి. రెండు కళ్లతో కావాలి."

"రెండున్నయి కదా! లెక్కపెట్టుకో!"

"సమానంగా కావాలి."

"రాదు."

"బటన్ నొక్కితే వస్తుంది."

"నొక్క."

మాట ఇంకా ముదిరేదే. కానీ స్టూలు మీది నుంచి హన్విక వేలు చాచింది.

"తాతా, టీవీకి ఆ ఎర్ర పట్టీ ఎందుకు పెట్టినవ్?"

దస్తగిరి భాయ్ టేపు ముక్కను చూశాడు. పిల్లను చూశాడు. కాస్త వంగి పిల్ల కళ్లలోకి చూశాడు. ఆయన నోటికి జవాబు ఆలస్యంగా రావడం ఆ దుకాణంలో అదే మొదటిసారి.

"ఆడ ఒక బటనుంది బిడ్డా. మస్తు హుషారు. అన్ని పనులు నేనే చేస్తనంటది. దాంతోని మిగతయి పని నేరుస్తలెవ్వు. అందుకే దాన్ని మూసిన."

"ఏడ్వలేదా?"

"ఏడ్చింది. ఆగమాగం చేసింది. ఇగ అలవాటైంది."

హన్విక స్టూలు అంచుకు జరిగింది. "నాకు గూడ ఉంది పట్టీ."

"ఝూటా! ఏదీ?"

పిల్ల స్టూలు దిగి, తల్లి హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి, పట్టీ తీసి, కుడి కంటి మీద వంకరగా అంటించుకుంది. మలికా లేచి వచ్చి దాన్ని సరిచేసింది. దస్తగిరి భాయ్ పొగడలేదు. శభాష్ అనలేదు. "ఆఁ, మంచిగుంది," అని మళ్లీ ఎలుగుబంటి వైపు తిరిగాడు.

సుజన మలికా చెవిలో, బద్ధకం కన్ను అంటే ఏమిటో, నరం ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో గబగబా చెప్పడం మొదలుపెట్టింది.

"తెలుసమ్మా," అన్నది మలికా. రింగుల డబ్బా దగ్గరికి పోయి మళ్లీ కూర్చుంది. ఆమెకెలా తెలుసని అడగాలని సుజనకు తోచలేదు. ఆమె పిల్లనే చూస్తోంది.

ఆ సంతోషం స్కూలు తెరిచేదాకానే ఉంది. పట్టీతో వ్యానెక్కిన హన్విక దాన్ని పిడికిట్లో నలిపి పట్టుకొని దిగింది.

"ఆ తాత టీవీకి ఉంటే ఏంది? టీవీ స్కూలుకు వస్తదా? వ్యానుల నాకొక్కదానికే ఉంది."

ఎలుగుబంటి కళ్ల తగువు తేలక సుజన మళ్లీ దుకాణానికి వచ్చినప్పుడు ఈ మాటే దస్తగిరి భాయ్‌తో చెప్పింది. చెప్పాలని కాదు. మనసు నిండిపోయి బయటపడింది.

ఆయన స్క్రీను మీద నుంచి కళ్లు తిప్పలేదు. "వ్యాను ఏ దారిల పోతది మేడమ్?"

"కాలనీ నుంచి మార్కెట్ మీదుగా, బస్టాండు ముందు నుంచి. ఎందుకు భాయ్?"

"ఊర్కెనే." ఎలుగుబంటి చెవిని లాగి కొంచెం పెద్దది చేశాడు.

తర్వాత రోజుల్లో ఒక సాయంత్రం హన్విక వ్యాను దిగి, సంచీ గేటు దగ్గరే పడేసి పరుగున వచ్చింది.

"అమ్మా! కోడికి గూడ పట్టీ! పాల దుకాణం ఆవుకు గూడ! సోమ్లా మామ పులికి గూడ!"

సుజన పిల్ల నుదురు పట్టి చూసి మూడు థర్మామీటర్లూ తీసింది. మూడూ జ్వరం లేదనే చెప్పాయి. అవి మూడూ ఒకే మాట మీద నిలవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

స్కూటీ తీసి మార్కెట్ దారి పట్టింది. పిల్ల చెప్పింది నిజమే. ముదస్సిర్ బోర్డు మీది కోడికి నల్లటి గుండ్రటి స్టిక్కరు. ఆవుకు, పులికి, చెప్పుల దుకాణం ఏనుగుకు, మటన్ కొట్టు మేకకు కూడా. ప్రతిదానికీ పెద్ద కన్నే మూసి ఉంది. చిన్న కన్ను తెరుచుకొని, తన వల్ల అయినంత మేరకు లోకాన్ని చూస్తోంది.

మలికా గ్రాఫిక్స్ ముందు గుంపు. నిచ్చెన గోడకు ఆనించి ఉంది. దాని పై మెట్టు మీద దస్తగిరి భాయ్ కూర్చొని ఉన్నాడు. ఆ వీధి మొత్తానికి అదొక్కటే నిచ్చెన. ఆయన దిగితే తప్ప ఎవరూ ఏ బోర్డూ అందుకోలేరు.

"చిచ్చా, పొద్దున నమాజుకు పోతున్నవనుకున్న. నిచ్చెన తీస్కోని పోయి నా కోడి కన్ను మూసినవా?" అంటున్నాడు ముదస్సిర్. "కోడికి రోగమొచ్చిందంటుండ్రు జనం!"

"రోగం కాదురా, రహం, దయ. ఇన్నేండ్లు పాపం నీ కత్తిని చూస్కుంట బతికింది. ఇప్పుడు కనబడుతలేదు."

"మరి నా పులి?" అని లేచాడు సోమ్లా. "పులికి ఆపరేషనైందని అవతలి పార్టోళ్లు నవ్వుతుండ్రు!"

"సానుభూతి ఓట్లు పడతయి పో."

"దిగి తీసెయ్!"

"తియ్య."

"ఎందుకు తియ్యవ్?"

"కిన్నెరసాని..."

"జింక సంగతి తియ్యకు!" అని గుంపంతా ఒక్క గొంతుతో అరిచింది.

సుజన గుంపును తోసుకొని ముందుకు వచ్చింది. సంగతేమిటో ఆమెకు అర్థమైంది. ఇది మా పాప కోసం అని చెప్పేస్తే గొడవ ఆ క్షణమే ఆగిపోతుంది. నోరు తెరవబోయింది. నిచ్చెన మీది నుంచి దస్తగిరి భాయ్ వేలు పెదవి మీద పెట్టుకొని అడ్డంగా తల ఊపాడు. ఆమెకు వినపడేంతగా మాత్రం వంగాడు.

"చెప్తే అందరు పిల్లనే చూస్తరు మేడమ్. నేను కోడిని చూడమంటున్న."

గుంపు వెనక నుంచి ఎవరో పగలబడి నవ్వారు. చంకలో పిల్లాడితో, చేతిలో సంచీతో ఒక యువతి అప్పుడే బస్సు దిగి వచ్చింది. ఎటు చూసి నవ్వుతోందో సుజనకు మొదట తెలియలేదు. ఒక కన్ను నిచ్చెనను చూస్తుంటే, రెండో కన్ను ముదస్సిర్ కేసి ఉంది.

"మళ్ల షురూ చేసినవా అబ్బా?" అన్నది ఆమె. "ముదస్సిర్ భాయ్, పోయి దుకాణం చూస్కో. స్కూలు పిల్లలందరు నీ కోడి ముంగట నిలబడి అమ్మనాన్నలను గుంజుతుండ్రు. నువ్వు లేక గిరాకి వాపస్ పోతుంది."

ముదస్సిర్ వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. అతను పరిగెత్తడం చూసి చెప్పుల దుకాణమాయన, మటన్ కొట్టాయన కూడా నడక పెంచారు. సోమ్లా ఒక్కడు మిగిలాడు. ఆయన పులి దగ్గర ఏ గిరాకీ ఉండదు. కానీ సెంటర్లో జనం మళ్లీ సెల్ఫీలు దిగుతున్నారని ఎవరో ఫోన్ చేయడంతో ఆయన కూడా పోయాడు.

ఆమె దస్తగిరి భాయ్ కూతురు సుమయ్య. కొత్తగూడెంలో బ్యాంకు ఉద్యోగం. పీట మీద తల్లి పక్కన కూర్చొని, సుజన చెప్పిన పట్టీ సంగతి విని, మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది.

"నాది గూడ గిట్లనే అక్కా. అప్పుడు మావోళ్లకు తెల్వదు. దవాఖానాకు తీస్కపోయేసరికి ఆలస్యమైందన్నరు. బళ్లె పిల్లలు ఎక్కిరిస్తే ఏడ్చుకుంట వచ్చిన. అప్పుడు అబ్బా కుంచెతో బోర్డులు రాస్తుండె. మర్నాటి సంది ఆయన గీసిన జంతువులన్ని నా లెక్కనే చూసుడు పెట్టినయి. బళ్లెకు పోయే తొవ్వల ఆవు, మేక, కోడి, అన్ని. నన్ను ఎవరన్న ఒక మాటంటే, ముందు ఊరందర్ని అనాలె."

సుజన తలెత్తి నిచ్చెన మీది మనిషిని చూసింది.

"అసలు తమాషా వినలే మీరు. డిగ్రీకి హైదరాబాద్ పోయిన. అక్కడ బోర్డుల మీద జంతువులకు రెండు కండ్లు ఒక్క తీరున్నయి. అయ్యో, ఇంత పెద్ద ఊర్ల ఎవరికీ గీయరాదా అనుకున్న!" తనే ముందు నవ్వింది. "ఇప్పుడు బ్యాంకుల నా కౌంటర్ ముందుకొచ్చినోడు, నేను ఏ కంట చూస్తున్ననో తెల్వక భయపడి నిజం చెప్పేస్తడు. నాకేం బాధ లేదక్కా. ఆపు అబ్బా ఇగ అంటే ఈయననే ఆపడు."

"నీ కోసం గీస్తలేను పో!" అని నిచ్చెన మీది నుంచి గద్దించాడు దస్తగిరి భాయ్. "నాకు గట్లనే వస్తది!"

"దిగుండ్రి ఇగ," అన్నది మలికా. "టీ చల్లారుతుంది."

భద్రతా వారోత్సవాల మీటింగులో సుజన ఫ్లెక్సీ విప్పి గోడకు పట్టింది. బొద్దు ఎలుగుబంటి, పసుపు హెల్మెట్, ఛాతీ మీద తెల్ల గీత. కుడి కంటి మీద నల్లటి పట్టీ. ఎడమ కన్ను చిన్నగా, కొంచెం ముక్కు వైపు తిరిగి, గట్టి పట్టుదలతో చూస్తోంది.

రామ్‌చందర్ హెల్మెట్ సవరించుకున్నాడు. "మేడమ్, నేనేం చెప్పిన? రెండు కండ్లు సమానం అన్న. మీరు ఒక కన్నే మూసేసుకోనొచ్చిన్రు!"

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి సుజన ఏ ఆఫీసరుకూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పాల్సి వస్తే ముందు రోజు సెలవు పెట్టేది. ఈసారి సెలవు పెట్టలేదు.

"అసమానం ఎక్కడుంది సార్? కనపడేది ఒక్క కన్నే కదా. ఒక్కటి దేంతో అసమానంగా ఉంటుంది?"

రామ్‌చందర్ ఆ లెక్కను మనసులో చేసి చూసుకున్నాడు. తప్పు దొరకలేదు. దాంతో కోపం ఇంకా పెరిగింది. "చూసినోళ్లు ఏమనుకుంటరు?"

"ఇంకో కన్నన్నా కాపాడుకోవాలి, రేపటి నుంచి కంటి అద్దాలు పెట్టుకోవాలి అనుకుంటారు సార్. మనం చెప్పాల్సింది అదే కదా."

"అవన్ని కాదు. మార్పించుండ్రి."

"మార్పించను సార్."

"ఎందుకు మార్పించరు?"

చెప్పడానికి ఆమె దగ్గర బోలెడు సైన్సు ఉంది. అంతా గొంతు దాకా వచ్చింది. బయటికి మాత్రం వేరేది వచ్చింది.

"కిన్నెరసాని పోయి జింకనడగండి సార్!"

వెనక వరసలో టీ తాగుతున్న జగదీష్‌కు పొలమారింది. ఆ పక్కన ఒకరు నవ్వారు, తర్వాత ఇంకొకరు. చివరికి రామ్‌చందర్ మీసం కూడా ఒక పక్క కదిలింది. ఒక పక్కే కదిలింది. అది చూసి ఇంకా నవ్వారు.

ఎలుగుబంటి ప్లాంటు గేటుకు ఎక్కింది. స్కూలు వ్యాను దాని ముందు నుంచే మలుపు తిరుగుతుంది. ఇప్పుడు వ్యానులో పట్టీ ఉన్న జంతువులను ఎవరు ముందు చూస్తే వాళ్లు గెలిచినట్టు. ఒంటికన్ను దెయ్యం అన్న పిల్లాడే, తనకూ ఒక పట్టీ కొనిపెట్టమని ఇంట్లో ఏడుస్తున్నాడట. హన్విక వాడికి ఒకటి ఇచ్చింది. జాలితో కాదు, బేరం ఆడి, వాడి రబ్బరు తీసుకొని.

ముదస్సిర్ మాత్రం ఒకసారి కోపంగానే దుకాణానికి వచ్చాడు. "చిచ్చా, పాలోని బ్యాగుల మీద పట్టీ వేసినవ్, మేకోని బ్యాగుల మీద వేసినవ్. నా క్యారీ బ్యాగు మీది కోడికి ఎందుకు వెయ్యలే?" అని గొడవ పెట్టుకున్నాడు.

గడువు రాగానే సుజన కూతురిని తీసుకొని ఖమ్మం పోయింది. డాక్టరు కుడి కన్ను మూసి, ఎడమ కంటితో బొమ్మలను గుర్తుపట్టమన్నాడు. హన్విక గొడుగు అన్నది, చేప అన్నది, పోయినసారి అందని కింది వరసలో తాళంచెవి కూడా అన్నది.

"భేష్!" అన్నాడు డాక్టరు. "బద్ధకం వదులుతోందమ్మా. ఇలాగే ఇంకొన్నాళ్లు పెట్టాలి. ఇంత మొండి పిల్లతో ఎలా పెట్టించారు?"

సుజన చెప్పే లోపే హన్విక కుర్చీలోంచి వేలు చాచింది. ఆయన వెనక గోడ మీద కిరీటం పెట్టుకున్న కార్టూన్ సింహం, రెండు కళ్లు రెండు గుండీల్లా.

"డాక్టర్ తాతా, మీ సింహం తప్పుంది. రెండు కండ్లు ఒక్క తీరు గీసిన్రు."

డాక్టరు నవ్వాడు. "సింహానికి అట్లనే ఉంటాయి తల్లీ."

హన్విక ఆయన వైపు జాలిగా చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది. పిల్ల నోటి వెంట ఇప్పుడు ఏ మాట రాబోతోందో సుజనకు బాగా తెలుసు. నోరు మూయడానికి చేయి ఎత్తింది.

మళ్లీ దించేసింది.